కారు ఏసీ వేడిగాలి కొడితే
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పే రివిజన్ గురించో, డి.ఆర్. బకాయిల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. ఈ పూట కారు ఏసీ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. కారు కొన్నది కొడుకో కోడలో అయినా, ఎండాకాలంలో అందులో ఇబ్రహీంపట్నం నుండి హైదరాబాదు ఆస్పత్రులకు పోయేది మనమే. మే నెలలో సాగర్ రోడ్డు మీద ఏసీ వేడిగాలి కొడితే బి.పి., షుగరు, గుండెజబ్బు ఉన్నవారికి ప్రాణం మీదికి రావచ్చును. వయసు పైబడిన కొద్దీ మనకు దాహం కూడా సరిగా తెలియదు.

ఏసీ చల్లగా లేకపోతే మొదట వినబడే మాట "గ్యాసు అయిపోయింది" అని. పెట్రోలు మండి అయిపోతుంది. ఏసీ గ్యాసు అట్లా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగ్గవచ్చు గాని, పోయించిన ఏడాదిలోపే తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే లెక్క.

మన ఆఫీసులో ఫైలు నాలుగు సీట్లు తిరిగినట్టు గ్యాసు నాలుగు చోట్ల తిరుగుతుంది. కంప్రెసర్ దానిని గట్టిగా నొక్కుతుంది. రేడియేటరు ముందుండే కండెన్సర్ ఆ వేడిని బయటికి వదిలి గ్యాసును ద్రవం చేస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు ఒత్తిడి తగ్గించి వదులుతుంది. డ్యాష్‌బోర్డు లోపలి ఎవాపరేటర్‌లో ఆ ద్రవం ఆవిరవుతూ కారులోని వేడిని పీల్చుకుంటుంది. ఫైలు ఏ సీటులో ఆగిందో తెలుసుకోకుండా కొత్త దరఖాస్తు పెడితే ఏం లాభం? గ్యాసు సంగతీ అంతే.

ఇంటి వద్ద పైసా ఖర్చు లేకుండా చూడదగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి: గాలి జోరుగా వస్తున్నదా? చల్లగా ఉండి జోరు తక్కువైతే లోపలి ఫిల్టరు దుమ్ముతో నిండి ఉంటుంది. చాలా కార్లలో అది ఎడమవైపు కాగితాలు పెట్టుకునే డబ్బా వెనుక ఉంటుంది.

రెండు: బండి పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, ఎల్.బి.నగర్ సిగ్నల్ వద్ద ఆగగానే వేడిగాలి వస్తే, ముందున్న ఫ్యాను తిరగడం లేదేమో, కండెన్సరుకు దుమ్మూ పొట్టూ పట్టిందేమో చూడాలి. పలుచని నీటిధారతో కడిగితేనే కొన్ని బాగవుతాయి.

మూడు: ఇంజను నడుస్తుండగా ఏసీ వేస్తే చాలా కార్లలో కంప్రెసర్ 'టక్' మని అందుకుంటుంది. ఆ శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, ఎలుకలు కొరికిన వైర్లు చూపించాలి. గ్యాసు బాగా తగ్గినా కంప్రెసర్ అందుకోదు. తిరిగే బెల్టు దగ్గరికి చేతులు, కండువా పోనివ్వవద్దు.

నాలుగు: కాసేపు చల్లగా, కాసేపు వేడిగా వస్తుంటే గొట్టాలలో తేమ చేరి వాల్వు వద్ద గడ్డకడుతూ ఉండవచ్చు.

ఇక మిగిలినది మెకానిక్ పని. మా ఇంటి కారుకు ఒక వేసవిలో ఒకచోట రెండుసార్లు గ్యాసు పోశారు. రెండుసార్లూ మూడు వారాలకే మళ్ళీ వేడిగాలి. తరువాత మరొక మెకానిక్ కండెన్సర్ అడుగున నూనె మరక చూపించాడు. గ్యాసుతో పాటు నూనె కూడా తిరుగుతుంది గనుక లీకున్న చోట మరక పడుతుందట. సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చాయి. కంకర రాయి తగిలిన చోటు అది. కండెన్సర్ మార్చిన తరువాత మళ్ళీ గ్యాసు మాట రాలేదు.

కాబట్టి డబ్బు ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. లీకు ఎక్కడ? దానిని బాగుచేశారా? గాలి, తేమ పోయేటట్టు వ్యాక్యూమ్ కనీసం అరగంట పెట్టారా? ఎన్ని గ్రాములు పోశారు? ఎన్ని గ్రాములు పట్టేదీ సాధారణంగా బానెట్ కింది చీటీలో ఉంటుంది. చిన్న కార్లకు సుమారు అరకిలో. ఎక్కువ పోసినా చల్లదనం తగ్గుతుంది. మార్చిన పాత భాగం, బిల్లు అడిగి తీసుకోండి.

ఇది మన జేబు సంగతి మాత్రమే కాదు. పాత కార్లలోని ఆర్-12 గ్యాసు ఓజోన్ పొరను తింటుందని 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. మన దేశం 1992లో అందులో చేరింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ను తినదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్న వెయ్యి రెట్లకు పైగా బలమైనది. దానిని తగ్గించాలన్న 2016 నాటి కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. లీకు మూయకుండా పోయించిన గ్యాసు మన మనుమల నెత్తి మీది ఎండను పెంచుతుంది.

గొట్టాల బిగింపులు మాత్రం మీరు విప్పవద్దు. ఒత్తిడితో చిమ్మే గ్యాసు కంటిని, చర్మాన్ని గడ్డకట్టిస్తుంది. చలికాలంలో కూడా వారానికొకసారి పది నిమిషాలు ఏసీ నడపండి. నూనె తిరిగి సీళ్ళు ఎండిపోకుండా ఉంటాయి. పరీక్ష ఏదైనా ఉగాదికి ముందే చేయించండి. ఏసీ బాగయ్యేదాకా ప్రయాణం పొద్దున్నే పెట్టుకొని, అద్దాలు దించి, నీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి.