కీబోర్డు తర్వాత ఏం కొనాలి?

హనుమకొండలో 61 కీల కీబోర్డు మీద నేర్చుకుని, ట్రినిటీ సంగీత పరీక్షల గ్రేడుల్లో సగం దాకా వచ్చిన అమ్మాయికి ఇంట్లోకి ఏ డిజిటల్ పియానో కొనాలి?

ముందు చూడాల్సింది కీల బరువు. అసలు పియానోలో కీ నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది. మంద్రంలో బరువుగా, తారస్థాయిలో తేలిగ్గా తగులుతుంది. డిజిటల్ పియానోలోనూ 88 కీలూ అలాగే ఉండాలి. కీబోర్డులోని స్ప్రింగు కీలకు అలవాటుపడిన వేళ్లు అసలు పియానో ముందు బలం చాలక తడబడతాయి.

తర్వాతది పాలిఫొనీ, అంటే ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య. పెడల్ తొక్కిపట్టి వాయిస్తే పాత స్వరాలు ఆగకముందే కొత్తవి వచ్చి చేరతాయి. యమహా పి-145లో ఈ పరిమితి 64, రోలాండ్ ఎఫ్‌పి-30ఎక్స్‌లో 256. షోపాన్ పియానో రచనల దాకా వెళ్లాలనుకుంటే రెండోదే నయమంటాను. వందల వాద్యాల ధ్వనులున్నాయని మురిసిపోకండి. ఆ డబ్బేదో కదలని స్టాండుకీ, సగం తొక్కినా పలికే పెడల్‌కీ పెట్టండి.

ట్యూనింగు బెడద ఎలాగూ లేదు. హెడ్‌ఫోన్ ఉంటే రాత్రి పదింటికీ పక్కింటివాళ్లు తలుపు కొట్టరు!

నచ్చిన మోడల్ వరంగల్‌లో దొరక్కపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లండి, అమ్మాయిని వెంటబెట్టుకుని. వచ్చిన పాఠమే మెల్లగా, బాగా మెత్తగా వాయించమనండి. ఆ మెత్తదనం వేళ్ల అదుపులో ఉంటే బేరం మొదలుపెట్టొచ్చు.