మాట ఎవరిది, వస్తువు ఎవరిది?

(సత్తుపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్లు, గృహహింస, అప్పుల యాప్‌లు వంటి పెద్ద సమస్యలు మన ముందుండగా, ఫోన్లలో పాత వస్తువులు అమ్ముకోవడం గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ పాత వస్తువు ఎవరు కొంటారో ఒకసారి ఆలోచించండి. కొత్తది కొనే స్తోమత లేనివాళ్ళు కొంటారు. ఇంట్లో కుట్టుపని మొదలుపెట్టాలనుకునే ఆడమనిషి ముందు వెతికేది పాత మిషను కోసమే. కాలేజీకి పోయే ఆడపిల్లకు చాలా ఇళ్ళల్లో దక్కేది పాత ఫోనే. అంగన్‌వాడీకో, ఆసుపత్రి డ్యూటీకో రోజూ పోయే మనిషి పాత స్కూటీతోనే సర్దుకుంటుంది. కనుక ఈ బేరంలో జరిగే మోసం ఆడవాళ్ళ సంపాదన మీద, చదువు మీద, రాకపోకల మీద పడే దెబ్బ. ఇది హక్కుల ప్రశ్నే.

మన సత్తుపల్లి ప్రాంతంలో పాత సామాన్ల బేరాలు ఇదివరకూ ఉన్నాయి. సింగరేణి ఉద్యోగాల మీద వచ్చేవాళ్ళు, బదిలీ మీద పోయేవాళ్ళు మంచాలూ బీరువాలూ అమ్ముకుని పోవడం మనకు తెలుసు. అయితే అవి తెలిసినవాళ్ళ మధ్య జరిగేవి. పాడైన మిక్సీ అంటగడితే మర్నాడు బోరింగు దగ్గర మొహం చూడాలి కదా! ఇప్పుడు ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో నాలుగు ఫొటోలు పెడితే చింతలపూడి నుంచో, తిరువూరు నుంచో, కొత్తగూడెం నుంచో ఫోను వస్తుంది. అమ్మేవాళ్ళెవరో కొనేవాళ్ళకు తెలియదు. పశువుల సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. గేదెనైతే పాలు పిండి చూస్తాడు. ఫొటోలో పళ్ళు చూడలేం. మిగిలేది అవతలి మనిషి మాట ఒక్కటే.

ఆ మాట చెడితే ఏమవుతుందో 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల ఉదాహరణతో వివరించాడు. ఆ కృషికి గాను 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆయన చెప్పింది మన భాషలో చెప్పుకుంటే ఇంతే. ఏది మంచి బండో, ఏది చెడ్డ బండో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ భయపడి తక్కువ ధరే చెబుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాళ్ళు అమ్మడం మానుకుంటారు. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. దీనివల్ల నష్టపోయేది ఎవరు? వస్తువును జాగ్రత్తగా వాడుకుని, నిజం చెప్పి అమ్మే మనిషి ఒకరు. కొత్తది కొనలేక పాతదాని మీద ఆధారపడిన మనిషి మరొకరు. డబ్బున్నవాళ్ళు షోరూముకు పోతారు. పేదవాళ్ళకు మరో దారి లేదు. అందుకే నిజాయితీని కేవలం నీతిబోధగా చూడకూడదు. పేదల బజారు మూతపడకుండా ఉండటానికి అది అవసరం.

చట్టం కాపాడదా అని మీరు అడగవచ్చు. కొంతవరకే కాపాడుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రధానంగా వ్యాపారులనూ, సేవలు అందించేవాళ్ళనూ దృష్టిలో పెట్టుకుని చేసినది. ఆ చట్టం కింద 2020లో వచ్చిన ఇ-కామర్స్ నియమాలు, వృత్తిగానో వ్యాపారంగానో కాక సొంత హోదాలో ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తులకు వర్తించవని స్పష్టంగానే రాశారు. అంటే ఒక ఇంటామె నుంచి మరో ఇంటామె కొన్న పాత ఫ్రిజ్ గురించి వినియోగదారుల కమిషన్‌కు పోతే ఫలితం ఉండకపోవచ్చు.

అయితే ఆ అమ్మకానికి చట్టమే లేదనుకోకండి. బ్రిటిష్ కాలం నాటివి రెండున్నాయి. 1872 కాంట్రాక్టు చట్టం, 1930 సరుకుల అమ్మకం చట్టం. వీటి ప్రకారం నోటిమాటతో కుదిరిన బేరం కూడా బేరమే. వర్ణన చెప్పి అమ్మితే వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. ప్రకటనలో "రెండేళ్ళు వాడినది, మోటారు ఒరిజినల్" అని రాస్తే అది ఉత్త కబురు కాదు, ఒప్పందంలో భాగం. ఇక లోపం గురించి. మామూలుగా లోపాన్ని అడిగి, చూసి తెలుసుకోవాల్సిన భారం కొనేవాళ్ళదే. ఊరికే చెప్పకపోవడం ప్రతిసారీ మోసం కిందికి రాదు. కానీ తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాచిపెడితే అది మోసమే. అలా మోసపోయినవాళ్ళు బేరాన్ని రద్దు చేసుకోవచ్చు. మొదటినుంచీ మోసగించాలనే ఉద్దేశంతోనే డబ్బు తీసుకుంటే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నేరం అవుతుంది. పాత 420 స్థానంలో వచ్చింది అదే.

చట్టం ఇలా ఉన్నా 4,000 రూపాయల మిషను కోసం కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు? అందుకే ఇలాంటి బేరాల్లో చట్టం చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం మన మాటే చేయాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. అశ్వారావుపేట దగ్గర పల్లెలో ఒకామె సత్తుపల్లిలో పాత కుట్టుమిషను ఉందని ఫోనులో చూసింది. ధర కుదిరింది. "ఆదివారం రా అమ్మా, నీకే ఉంచుతాను" అని అమ్మే ఆవిడ చెప్పింది. ఆమె ఆదివారం కూలి మానుకుని, సంఘంలో అప్పు తీసుకుని, బస్సెక్కి వచ్చింది. తీరా వచ్చాక, "నిన్న ఇంకొకరు 500 ఎక్కువిస్తే ఇచ్చేశాం" అన్నారు. అమ్మిన ఆవిడ దృష్టిలో ఇది చిన్న విషయం. కానీ వచ్చిన మనిషికి ఒకరోజు కూలీ, బస్సు ఛార్జీలూ పోయాయి, తెచ్చిన అప్పుకు వడ్డీ మొదలైంది. ఆ 500 లాభం ఎవరి జేబులోంచి వచ్చిందో చూడండి. ఎక్కువ ధరకు అమ్ముకునే స్వేచ్ఛ మాట ఇవ్వకముందు ఉంటుంది. మాట ఇచ్చిన తర్వాత ఉండదు.

ఇది కొనేవాళ్ళకూ వర్తిస్తుంది. "రేపు వస్తా" అని నాలుగు రోజులు తిప్పుకుని, తీరా వచ్చి గుమ్మంలో నిలబడి సగం ధరకు అడిగేవాళ్ళున్నారు. ఇంట్లో మగవాళ్ళు లేరని చూసి గట్టిగా మాట్లాడి ఒప్పించేవాళ్ళున్నారు. బేరం కోసం తీసుకున్న నెంబరుకు రాత్రిపూట మెసేజీలు పెట్టేవాళ్ళున్నారు. ఈ భయంతోనే తన వస్తువును తాను అమ్ముకోవడానికి కూడా భర్త నెంబరో, తమ్ముడి నెంబరో ఇచ్చే ఆడవాళ్ళున్నారు. అలా ఇచ్చాక బేరం ఎవరి చేతిలోకి పోతుంది, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? బేరానికి ఇచ్చిన నెంబరును బేరానికే వాడటం కూడా మాట నిలబెట్టుకోవడమే.

మాట అనగానే మన వాళ్ళకు హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. విశ్వామిత్రుడికిచ్చిన మాట కోసం ఆయన కాశీ నడివీధిలో మొదట అమ్మింది చంద్రమతిని. తర్వాత తననూ అమ్ముకున్నాడు, నిజమే. కానీ మాట ఆయనది, అమ్ముడుపోయింది ఆమె. మనకు మరో కథ కూడా ఉంది. అనంతామాత్యుడి భోజరాజీయంలోని ఆవు, పులి కథ. బిడ్డకు పాలిచ్చి వస్తానని చెప్పి వెళ్ళిన ఆవు చెప్పినట్టే తిరిగి వచ్చింది. ఆవు పణంగా పెట్టింది తన ప్రాణాన్ని, ఇంకొకరిని కాదు. ఈ రెండు కథల మధ్య తేడాయే ఇవాళ నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి. మాట నిలబెట్టుకోవడం గొప్పదే. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అమ్ముతున్న వస్తువు ఎవరిది?

పుట్టింటివాళ్ళు ఇచ్చిన స్కూటీని, ఆమె పొదుపుతో కొన్న మిషనును భర్త ఫొటో తీసి ఫోనులో పెట్టేస్తే, "మాట ఇచ్చేశాను, పరువు పోతుంది" అని ఆమెనే ఒప్పిస్తారు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా ఆమె ఆస్తేననీ, అది భర్త దగ్గర ఉన్నంతమాత్రాన ఉమ్మడి ఆస్తి అయిపోదనీ, తిరిగి ఇవ్వకుండా సొంతానికి వాడుకుంటే నమ్మకద్రోహం నేరం అవుతుందనీ చెప్పింది. సరుకుల అమ్మకం చట్టం కూడా, అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదనే సూత్రం మీదే నిలబడింది. దీనికి కొన్ని మినహాయింపులున్నా మూలసూత్రం ఇదే. కాబట్టి కొనేటప్పుడు "ఇది ఎవరిది, ఆమెకు తెలుసా?" అని అడగడం మన బాధ్యత. చవకగా వస్తోందని కళ్ళు మూసుకుంటే ఒక చెల్లెలి ఆస్తిని దోచుకోవడంలో మనమూ భాగస్తులమవుతాం.

బండి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ప్రాంతంలో తెల్లకాగితం మీద భూములు అమ్ముకుని, సాదా బైనామాల కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలను మీరు ఎరుగుదురు. ఆర్సీ మార్చకుండా తాళాలు ఇచ్చేసిన బండి కూడా అటువంటిదే, చక్రాలున్న సాదా బైనామా. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, బండి ఎన్ని చేతులు మారినా, రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే యజమానిగా బాధ్యులవుతారని. స్కూటీ ఆమె పేరున ఉండి, దాన్ని ఎవరో కొనుక్కుని ఎవరినో గుద్దితే నోటీసు వచ్చేది ఆమెకే. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్ళు 14 రోజుల్లోగా, కొన్నవాళ్ళు 30 రోజుల్లోగా తెలియజేయాలి. మనది సరిహద్దు ఊరు. 2014 జూన్ 2 తర్వాత చింతలపూడి, తిరువూరు వేరే రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడివాళ్ళకు అమ్మితే నిరభ్యంతర పత్రం కూడా కావాలి. "పేరు రేపు మార్చుకుంటాలే" అనే మాటను మాత్రం ఎవరిదైనా సరే నమ్మి ఊరుకోకండి. ఆర్టీవో ఆఫీసు పని ముందు, తాళాలు తర్వాత.

ఫోను కొనేటప్పుడు అది దొంగిలించినదా కాదా చూసుకునే వీలు ఇప్పుడు ఉంది. *#06# నొక్కితే 15 అంకెల నెంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషులో టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ నెంబరు వేసి 14422కు మెసేజీ పంపితే ఫోను వివరాలు తెలుస్తాయి. బ్లాక్ చేసిన ఫోను అయితే బయటపడుతుంది. అమ్మేటప్పుడు ఫొటోలు, ఖాతాలు తీసేసి, ఫోనును మొదటి స్థితికి తెచ్చి ఇవ్వండి. ఒకవేళ మరచిపోయిన ఫొటోలు కొన్నవాళ్ళకు కనబడితే తెరిచి చూడకుండా చెరిపేయడం వాళ్ళ ధర్మం. ఫోను అమ్మిన మనిషి తన బతుకును అమ్మలేదు.

బేరం పేరుతో పూర్తిగా దొంగతనమే చేసేవాళ్ళ సంగతి వేరు. సైనికుణ్ణనీ, బదిలీ మీద పోతున్నాననీ చెప్పి ముందే డబ్బు పంపమంటారు. లేదా "మీకే డబ్బు వేస్తున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. ఒక్కటి గుర్తుంచుకోండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఇంట్లో తిడతారని దాచుకునే ఆడవాళ్ళు ఆ విలువైన సమయాన్ని పోగొట్టుకుంటారు. "నీకెందుకీ ఫోను" అని తిట్టే ఇల్లు మోసగాడికి సాయం చేస్తోందని ఇంట్లో మగవాళ్ళకు మనం చెప్పాలి.

ఇక మన సంగతి. అణగారినవాళ్ళం కాబట్టి మన అబద్ధం చిన్నదని సరిపెట్టుకునే అలవాటు మనలోనూ ఉంది. మిషను కుట్లు తప్పుతోందని తెలిసీ, నాలుగు కుట్లు బాగా పడేదాకా తొక్కి చూపించి అమ్మితే, దాన్ని కొన్నది కూడా మనలాంటి మనిషే. ఆమె మొదటి జాకెట్టు చెడిపోతుంది, గిరాకీ పోతుంది. లోపం చెప్పి 500 తగ్గించుకోవడం మనకు నష్టంలా కనిపిస్తుంది. నిజానికి అది ఆమె రిపేరుకు పెట్టుకోవాల్సిన 500.

సంఘాలుగా మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. అమ్మకానికి ఒక చిన్న కాగితం తయారు చేసుకుందాం. వస్తువు, దాని లోపాలు, ధర, ఇచ్చిన బయానా, ఎప్పటిదాకా ఉంచుతారు, బేరం తప్పితే బయానా ఏమవుతుంది, ఇవన్నీ అందులో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. రాయడం రానివాళ్ళకు సంఘంలో చదువుకున్నవాళ్ళు రాసి, చదివి వినిపించాలి. తెలియని మనిషితో బేరమైతే సంఘం ఆఫీసు దగ్గరో, నలుగురు తిరిగే చోటో వస్తువు చూపించాలి, ఒంటరిగా ఇంటికి పిలవకూడదు. తగాదా వస్తే 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. 15100కు ఫోను చేయవచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా రాజీ ప్రయత్నం కూడా అడగవచ్చు.

ఆడవాళ్ళ మాటకు విలువ లేదని మనల్ని చాలాకాలం సాక్ష్యాల దగ్గర, పంచాయితీల దగ్గర పక్కన పెట్టారు. మన బేరాలు మనమే కుదుర్చుకుని, మన పేరున రాసుకుని, మన ఖాతాలో డబ్బు తీసుకుని, ఇచ్చిన మాట మీద నిలబడితే, ఆ విలువను మనమే కట్టినట్టు. వచ్చే నెల మీ ఊరి సంఘం సమావేశంలో ఈ కాగితం నమూనా చదివి, మార్చాల్సినవి మార్చి, అమల్లో పెట్టమని కోరుతూ ముగిస్తున్నాను.