పాడువారు పొలములకు పోయిన దినము

(అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సభలలో, సంఘ పెద్దల మరియు యౌవనస్థుల ఉమ్మడి కూటములో చేసిన ప్రసంగము)



ఈ ఉదయము ఆరాధనలో మన పిల్లలు పాడిన పాటలు విని మనమందరము ఆనందించాము. కొందరు పెద్దలు కన్నీరు కూడా తుడుచుకున్నారు. పాట ముగిసిన తరువాత ఆ పిల్లలు ఎక్కడకు పోతారు, వారికి ఎవరు నేర్పుతున్నారు, నేర్చుకొనుటకు అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? ఈ ప్రశ్నలు మనలో ఎందరము అడిగాము? సంగీతము గొప్పదని చెప్పుటకు నేను రాలేదు. అది మీకు తెలిసినదే. నేర్పే గురువును గూర్చి, కట్టవలసిన ఫీజును గూర్చి మాత్రమే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నెహెమ్యా గ్రంథము 13వ అధ్యాయము మనలో చాలమంది చదివినదే. యెరూషలేము ప్రాకారము కట్టడము ముగిసినది. ప్రతిష్ఠ పండుగ గొప్పగా జరిగినది. ఆ పండుగలో రెండు గాయక బృందములు ప్రాకారము మీద ఎదురెదురు దిక్కులుగా నడిచి, చివరకు దేవుని మందిరములో కలిసినట్లు 12వ అధ్యాయములో ఉన్నది. ఆ దినమున వారి సంతోష ధ్వని చాలా దూరము వినబడినదట. తరువాత నెహెమ్యా రాజునొద్దకు వెళ్లాడు. కొంతకాలమునకు తిరిగి వచ్చి చూస్తే మందిరములో పాట లేదు. లేవీయులు, గాయకులు ఎవరి పొలమునకు వారు వెళ్లిపోయారు. కారణము ఒక్కటే. వారికి ఇవ్వవలసిన భాగము ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడ నెహెమ్యా చేసిన పనిని గమనించండి. ఆయన గాయకులను గద్దించలేదు. భక్తి తగ్గినదని వారిని నిందించలేదు. అధికారులను పిలిచి, దేవుని మందిరము ఎందుకు విడిచిపెట్టబడినదని వారితో వాదించాడు. గాయకులను తిరిగి సమకూర్చి వారి స్థలములలో నిలిపాడు. ప్రజలు ధాన్యము, ద్రాక్షారసము, నూనె కొట్లలోనికి తెచ్చారు. ఆ కొట్ల మీద నమ్మకమైన మనుష్యులను నియమించి, సహోదరులకు పంచిపెట్టే బాధ్యత వారికి అప్పగించాడు. అంటే తప్పు ఎవరిదో నిర్ణయించుటతో ఆయన ఆగలేదు. నిధిని ఏర్పరచాడు. దానికి లెక్క చూచువారిని కూడా పెట్టాడు.

ఈ భాగమును నేను చాలా సంవత్సరములు ఊరకే చదివాను. దీని అర్థము నా తలకు ఎక్కినది ఒక యౌవనస్థుని వలన. ఆ సంగతి చెప్పుటకు నాకు సిగ్గుగా ఉన్నది. అయినను చెప్పవలసినదే.

నేను కాపరిగా కొత్తగా ఉన్న రోజులలో, ఒక సంఘములో పందొమ్మిదేండ్ల కుర్రవాడు ఉండేవాడు. తండ్రి కూలి పని చేసేవాడు. ఈ పిల్లవాడు ఆరాధనలో హార్మోనియము వాయించేవాడు. తరువాత ఎవరో ఇచ్చిన పాత కీబోర్డు మీద తనంతట తానే నేర్చుకున్నాడు. ఏ పాట ఎత్తుకున్నా సంఘము గొంతుకు తగిన శ్రుతి పట్టుకునేవాడు. ఆదివారము రెండు ఆరాధనలు, బుధవారము ప్రార్థన, పెండ్లిళ్లు, భూస్థాపనలు, క్రిస్మసు నెలంతా ఇంటింటి పాటలు, అన్నిటికీ అతడే. మేము అతనికి ఇచ్చినది సంవత్సరమునకు ఒక శాలువ.

ఒకనాడు అతడు కమిటీకి ఉత్తరము వ్రాసుకున్నాడు. పట్టణములో ఒక మాస్టారు వద్ద సంగీతము శాస్త్రప్రకారము నేర్చుకొని పరీక్షకు కూర్చోవలెనని కోరిక. మాస్టారి ఫీజుకు, బస్సు ఛార్జీలకు, పరీక్ష ఫీజుకు కలిపి ఆరు వేల రూపాయల సహాయము అడిగాడు. ఒక పెద్ద, "దేవుని కొరకు వాయించుటకు డబ్బు ఏమిటి?" అన్నారు. మరొకరు, "నేర్పిస్తే సినిమాలకు పోతాడు" అన్నారు. ఉత్తరము పక్కన పెట్టారు. అదే కూర్చున్న కూర్చోనే స్పీకరు బాక్సులకు ఎనభై వేల రూపాయలు మంజూరు చేశాము. ఆ తీర్మానము క్రింద అధ్యక్షుడుగా సంతకము పెట్టినవాడను నేనే. ఉత్తరమును గూర్చి నేను ఒక్క మాట అనలేదు.

ఆ సంవత్సరము తిరగకముందే అతడు పెండ్లి ఆర్కెస్ట్రాలో చేరాడు. శనివారము రాత్రి ప్రోగ్రాము, ఆదివారము ఉదయము నిద్ర. లోకములో కలిసిపోయాడని సంఘములో అన్నారు. నేనును అన్నాను. కొన్నేండ్లకు బస్టాండులో కనబడ్డాడు. వందనము చేశాడు. క్షేమము అడిగాడు. తరువాత, "అయ్యగారూ, బాక్సులు బాగున్నాయా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజముగానే అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. గాయకులు పొలములకు పోయిన దినమున నెహెమ్యా ఎవరితో వాదించాడో అప్పుడు నాకు అర్థమైనది.

ప్రియులారా, సంగీతము కేవలము వరము అనుకొనుటలో మన పొరపాటు ఉన్నది. వరము నిజమే. కాని వరమునకు శిక్షణ కావలెను. మొదటి దినవృత్తాంతములు 15వ అధ్యాయములో కెనన్యా అను లేవీయుడు పాటలో ప్రవీణుడు గనుక ఇతరులకు నేర్పే పని అతనిది అని ఉన్నది. 25వ అధ్యాయములో ఆసాపు, హేమాను, యెదూతూనుల కుమారులు, వారి సహోదరులు కలిసి పాటలో నేర్పు పొందినవారు 288 మంది అని లెక్క ఉన్నది. పిన్నలు, పెద్దలు, గురువు, శిష్యుడు అను భేదము లేకుండా చీట్లు వేసి వంతులు నిర్ణయించుకున్నారట. శిష్యునికి కూడా వంతు వచ్చినదన్న మాట. ముందు వరుసలో నిలిచే అవకాశము లేనిదే ఏ శిష్యుడూ గురువు కాడు.

మన కీర్తనల పుస్తకమునే చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాట తలపై రాగము పేరు, తాళము పేరు అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) వంటి మహాభక్తులు ఈ దేశపు రాగములలో, ఈ దేశపు తాళములలో రక్షకుని స్తుతించారు. ఆ ఒక్క పంక్తిని చదివి దాని ప్రకారము పాడగలవారు నేడు మన సంఘములలో ఎందరు? ముసలివారి చెవులలో ఉన్న వరుసలు వారితోనే సమాధికి పోతున్నవి. మాలపల్లెలలో, మాదిగపల్లెలలో తరతరములుగా డప్పు వాయించిన చేతులను, క్రీస్తును నమ్ముకున్న తరువాత, అది అన్యుల వాద్యమని చాలాచోట్ల మనమే ఆపాము. ఆ విద్య తెలిసిన తాతలు ఇంకా కొందరు ఉన్నారు. వారి దగ్గర మనుమలను కూర్చోబెట్టవలెనని మనకు తోచలేదు.

ఈ విషయములో మన తెలుగుదేశపు వాడుక ఒకటి జ్ఞాపకము చేస్తాను. పూర్వము పేద విద్యార్థులు వారములు చేసుకొని చదువుకునేవారు. సోమవారము ఒక ఇంట, మంగళవారము మరొక ఇంట భోజనము. ఏడు ఇండ్లు కలిసి ఒక పిల్లవానిని చదివించేవి. ఎవరికీ భారము కాదు. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు గారు (1922–1974) చిన్నతనములో తండ్రిని పోగొట్టుకొని, సంగీతము నేర్చుకొనవలెనని ఉంగరము అమ్ముకొని విజయనగరము చేరినవారు. ఆ ఊరిలో ఇంటింట మధూకరము ఎత్తుకొని భోజనము చేశారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఫీజు పుచ్చుకొనక ఆయనకు విద్య నేర్పారు. అన్నము పెట్టిన గృహిణుల పేర్లు మనకు తెలియవు. వారు పెట్టిన అన్నము మాత్రము తెలుగువారందరికీ పాటగా అందినది. మనము క్రైస్తవులము. అన్నము పెట్టే విషయములో ఇతరుల కంటె వెనుక ఉండతగునా?

క్రైస్తవ దేశములలోను ఇటువంటి సంగతి కలదు. హైడన్ అను గొప్ప సంగీతకర్త 1732లో ఆస్ట్రియాలో ఒక బండ్లు చేసేవాని ఇంట పుట్టాడు. వియన్నా నగరములోని సెయింట్ స్టీఫెన్స్ దేవాలయపు బాలగాయక బృందములో పాడాడు. యౌవనములో గొంతు మారగానే ఆ బృందములో నుండి పంపివేయబడ్డాడు. చేతిలో డబ్బు లేదు, తలదాచుకొను ఇల్లు లేదు. స్పాంగ్లర్ అను సామాన్య గాయకుడు, తన భార్యాబిడ్డలతో ఉన్న ఇరుకు గదిలోనే అతనికి చోటిచ్చాడు. బుక్‌హోల్జ్ అను ఆయన 150 ఫ్లోరిన్లు అప్పు ఇచ్చాడు. పోర్పోరా అను పెద్ద విద్వాంసుడు, తనకు చేసిన పరిచర్యకు బదులుగా సంగీత రచనలో మెళకువలు నేర్పాడు. ఒకడు చోటు ఇచ్చాడు, ఒకడు డబ్బు ఇచ్చాడు, ఒకడు విద్య ఇచ్చాడు. హైడన్ ఆ అప్పు తీర్చివేశాడు. అయినను ముసలితనములో వ్రాసిన వీలునామాలో ఆ అప్పిచ్చినవాని మనుమరాలికి 100 ఫ్లోరిన్లు వ్రాసిపెట్టాడు. సృష్టిని గూర్చిన ఆయన గొప్ప గానకావ్యము 1798లో మొదటిసారి వినిపించినది. అక్కరలో ఆదుకున్న చేయి ఎవరికీ మరుపు రాదు.

ఇక అభ్యంతరముల సంగతి. ఉచితముగా పొందినది ఉచితముగా ఇవ్వవలెను గదా అంటారు. మంచిది. కాని మందిరము కట్టిన తాపీమేస్త్రీకి కూలి ఇచ్చాము. కరెంటు బిల్లు కట్టుచున్నాము. కాపరినైన నేను జీతము పుచ్చుకొనుచున్నాను. పాడే పిల్లవాడు ఒక్కడే గాలి పీల్చి బ్రతకవలెనా? నేను జీతము ఇమ్మని అనుట లేదు. నేర్చుకొనే రోజులలో చేయూత ఇమ్మని అంటున్నాను. నేర్పిస్తే వెళ్లిపోతాడు అన్నది రెండవ మాట. కొందరు వెళ్తారు, నిజమే. కృతజ్ఞతతో వెళ్లినవాడు తిరిగి వచ్చే దారి ఉంటుంది. మనస్సు విరిగి వెళ్లినవానికి ఆ దారి కూడా ఉండదు.

గనుక మన అధ్యక్ష మండలమునకు ఈ శతాబ్ది సంవత్సరములో మూడు పనులు మనవి చేస్తున్నాను.

మొదటిది గురువు. ప్రతి పాస్టరేటులో పాట తెలిసిన పెద్దల పట్టిక వ్రాయండి. కీర్తనల వరుసలు తెలిసిన అమ్మమ్మ, తబలా తెలిసిన రిటైర్డు టీచరు, డప్పు తెలిసిన తాత, స్వరలిపి చదవగల గాయక బృంద నాయకుడు, అందరినీ వ్రాయండి. ఒక్కొక్కరికి ఒకరిద్దరు పిల్లలను రెండేండ్లపాటు అప్పగించండి. వారమునకు ఒక సాయంకాలము చాలును. ఆడపిల్లలు చీకటి పడిన తరువాత ఇంటికి ఎట్లు చేరుతారని తల్లులు భయపడుట సహజము. గనుక అభ్యాసము వెలుతురు ఉండగానే ముగియవలెను, స్త్రీల సమాజపు సభ్యురాలు ఒకరు అక్కడ ఉండవలెను. ఈ చిన్న ఏర్పాటు లేక ఎన్ని మంచి గొంతులు వంటింటిలోనే ఆగిపోయినవో!

రెండవది నిధి. బడ్జెటులో సంగీత విద్యకు వేరుగా ఒక పద్దు పెట్టండి. వంద కుటుంబములు నెలకు యాభై రూపాయల చొప్పున వేస్తే నెలకు ఐదు వేలు, సంవత్సరమునకు అరవై వేలు. ఇద్దరు పిల్లల ఫీజులు, ప్రయాణము, ఒక వాద్యము అందులో గడుస్తాయి. ఎవరికి ఇవ్వవలెనో నిర్ణయించుటకు ముగ్గురు ఉండండి. వారిలో ఒకరు సంగీతము తెలిసినవారు, ఒకరు స్త్రీ, ఒకరు లెక్కలు చూచువారు. కమిటీ సభ్యుని బిడ్డ, కాపరి బిడ్డ అను భేదము రానీయవద్దు. లెక్క ప్రతి సంవత్సరము సంఘము ముందు చదవండి. నెహెమ్యా నమ్మకమైనవారిని పెట్టినది ఇందుకే.

ప్రభుత్వము ఇచ్చే సహాయమును కూడా మనవారు వాడుకొనవలెను. విజయనగరములో, విజయవాడలో, హైదరాబాదులో ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నవి. విజయనగరము కళాశాల 1919లో స్థాపించబడినది. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 18 నుండి 25 ఏండ్ల యువ కళాకారులకు రెండేండ్లపాటు నెలనెలా స్కాలర్‌షిప్ ఇచ్చే పథకము నడుపుతున్నది. పది నుండి పదునాలుగేండ్ల పిల్లలకు వేరొక పథకము ఉన్నది. నియమములు ఎప్పటికప్పుడు మారుతాయి గనుక ప్రకటన వెలువడినప్పుడు చదువుకొన్న యౌవనస్థులు చూచి, దరఖాస్తు నింపుటలో సహాయపడండి. అయితే యువ కళాకారుల పథకములో గురువు వద్ద కొన్నేండ్లు నేర్చుకున్నట్లు చూపవలెను. ఇంటి వద్ద గురువు లేనివానికి ఢిల్లీ స్కాలర్‌షిప్ రాదు. అందుచేతనే గురువును మొదట చెప్పాను.

మూడవది అవకాశము. నేర్చుకున్న పిల్లలకు నెలకు ఒక ఆదివారము అప్పగించండి. తప్పులు పాడితే ఓర్చుకోండి. క్రొత్తగా కీర్తన వ్రాసినవాడు ఉంటే, పెద్దలు దిద్ది, సంఘము పాడండి. పెండ్లికి పిలిచినప్పుడు భోజనముతో పాటు ఒక కవరు కూడా చేతిలో పెట్టండి. శాలువ కప్పవద్దని నేను అనను. శాలువ మడతలో ఫీజు రసీదు కూడా ఉండవలెనని మాత్రము అంటున్నాను.

క్రితము సంవత్సరము నేను ఆ యౌవనస్థుని ఇంటికి వెళ్లాను. ఇప్పుడు అతడు యౌవనస్థుడు కాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. క్షమించమని అడిగాను. పెండ్లిళ్లు లేని రోజులలో వచ్చి మన పిల్లలకు నేర్పుతావా అని అడిగాను. ఫీజు ఇస్తాము అని కూడా చెప్పాను. నవ్వి, "ఆలోచించి చెబుతాను అయ్యగారూ" అన్నాడు. ఇంకా చెప్పలేదు. అతడు ఆలోచించుకొనుట న్యాయమే. మేము ఎన్ని సంవత్సరములు అతనిని కనిపెట్టుకొని ఉండునట్లు చేశామో నాకు తెలుసు.

నూరు సంవత్సరములుగా ఈ అధ్యక్ష మండలములో పాట ఆగలేదు. రెండవ నూరేండ్లలో అది ఆగకుండుటకు గొంతులు దేవుడు ఇస్తాడు. ఆ గొంతులు పొలములకు పోకుండ చూచుకొనుట మన పని. ఈ సభ ముగిసి బయటకు వెళ్లునప్పుడు ద్వారము వద్ద ఒక పుస్తకము ఉంటుంది. మొదటి పేరు నాది. దాని క్రింద చోటు ఉన్నది.

దేవుడు మిమ్మును, మీ బిడ్డల పాటలను దీవించును గాక. ఆమేన్.