మూత్రపిండమును గాచు మందు, రక్తపుపోటు



మూత్రపిండమును మార్పిడి చేయించుకొన్నవారు, శరీరము దానిని త్రోసివేయకుండుటకై టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ అను మందులలో నొకదానిని సాధారణముగా నిత్యము సేవింతురు. 1978లో ఇంగ్లండునందు రాయ్ కాన్ వైద్యుడు సైక్లోస్పోరిన్‌ను రోగుల కిచ్చినప్పుడే, కాపాడు మందే మూత్రపిండమునకు కీడు చేయునని తెలిసినది. ఇవి మూత్రపిండములోనికి నెత్తురు దెచ్చు సన్నని నాళములను ముడుచుకొనజేయును. వడపోత తగ్గును, ఉప్పు ఒంట నిలుచును, రక్తపుపోటు హెచ్చును. తొలినాళ్ళలో మోతాదు తగ్గించిన సర్దుకొనవచ్చును. ఏండ్లు గడచి లోపల మచ్చలు గట్టిన పిమ్మట పూర్వస్థితి రాదు.

అయినను భయపడి మందు మానుట మరింత కీడు, మూత్రపిండమే పోవును. నెత్తురులో మందు పాలును, క్రియాటినిన్‌ను, పోటును వైద్యుడు చెప్పిన గడువున పరీక్ష చేయించుకొనవలయును. నొప్పిమాత్రలు సొంతముగా మ్రింగరాదు. పంపరపనస (మన పెరటి పండే సుమండీ!) నెత్తురులో మందును హెచ్చింపవచ్చును.

ఈ పరీక్షల వ్యయము పేదకుటుంబములకు మోయరాని బరువు. విద్యార్థులకు వేతనము లిచ్చు మన సంఘము దీనికిని కొంత నిధి తీయవలదా యని పోషకులను వేడుచున్నాను.