ఇరవై ఆరు మిల్లీమీటర్ల గాలి



కేజీఎఫ్‌లో, ఈ కోలార్ బంగారు గనుల ఊళ్లో, కార్ల రేసుల మీద ఉపన్యాసమేమిటని ఇందాక ఒకరిద్దరు నవ్వారు. ఎందుకుండకూడదు? ఈ ఊరిది షెడ్డు చదువు. లేత్ ముందు నిలబడి, వెంట్రుకవాసి తేడాకి మేస్త్రీతో తిట్లు తిన్నవాళ్లు ఇక్కడ వీధికి నలుగురు. నేను చెప్పబోయేదీ ఒక షెడ్డు కథే.

1996లో ఇంగ్లండ్‌లో ట్రెవర్ కార్లిన్ తన పేరుతోనే ఒక చిన్న జట్టు పెట్టాడు. పని ఫార్ములా త్రీలో. ఫార్ములా వన్‌ మీద ఆశపడే కుర్రాళ్లు దాటాల్సిన గడప అది. చిన్న జట్టును పోషించేది ఎవరనుకున్నారు? కారు నడిపే కుర్రాడే. అతను స్పాన్సర్ డబ్బు తెస్తేనే మెకానిక్కుకు జీతం, కారుకు టైర్లు. వినడానికి బాగుండదు గానీ, సంగతి అంతే.

1998 సీజన్ సగంలో ఆ జట్టులోకి వచ్చాడు నరైన్ కార్తికేయన్, కోయంబత్తూరు నాయుళ్ల బిడ్డ. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ నాయుడు సౌత్ ఇండియా ర్యాలీ ఏడుసార్లు గెలిచిన మనిషి. అదే ఊళ్లో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్, మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి అనే ఒంటిసీటు రేసు కార్లు కట్టించారు. నరైన్ మొదటి రేసు శ్రీపెరుంబుదూరులో, ఆ ఫార్ములా మారుతిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. నన్నడిగితే ఈ కథకు పునాదిరాయి ఆయనే.

ఇక షెడ్డులోకి వద్దాం. అప్పట్లో ఫార్ములా త్రీ ఇంజిన్ రెండు వేల సీసీలు. కానీ అది పీల్చే గాలంతా 26 మిల్లీమీటర్ల కంతలోంచే రావాల్సి ఉండేది. మన పది రూపాయల బిళ్ల అందులో పట్టదు. ఆ కంత అందరికీ ఒకటే. చట్రం కూడా దాదాపు అందరిదీ ఇటలీ డల్లారా కంపెనీదే. మరి జట్టు చేసేదేమిటి? కారు పిట్‌లోకి రాగానే ఒకతను టైరు మీద మూడు చోట్ల సూది గుచ్చి వేడి చూస్తాడు: లోపలి అంచు, నడుమ, బయటి అంచు. నడుమ ఎక్కువ కాలితే గాలి ఎక్కువైంది. లోపలి అంచు మరీ కాలితే చక్రం వాలు ఎక్కువైంది. గనిలో పైకప్పును కడ్డీతో తట్టి, మోతను బట్టి రాయి గట్టిదో గుల్లదో చెప్పేవారే మన పెద్దలు, ఇదీ ఆ విద్యే.

1998 చివర్లో నరైన్‌కు స్పా, సిల్వర్‌స్టోన్‌లలో మూడో స్థానాలు. 1999లో బ్రాండ్స్ హాచ్‌లో రెండు గెలుపులు, మొత్తం మీద ఆరో స్థానం. ఆ మరుసటేడు నరైన్ వేరే జట్టుకు మారాడు. జట్టూ అతణ్ని తప్పుపట్టలేదు, అతనూ జట్టును తప్పుపట్టలేదనే అనుకుంటాను. ఈ మెట్టు మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు. 2005లో ఫార్ములా వన్ ఎక్కాడు, మన దేశం నుంచి మొదటివాడు.

1880లో లండన్ నుంచి జాన్ టేలర్ గనుల కంపెనీ ఇక్కడికొచ్చి మనవాళ్లను కూలికి పెట్టుకుంది. నూటపద్దెనిమిదేళ్లకు ఒక నాయుడుగారి అబ్బాయి డబ్బు తీసుకెళ్లి ఇంగ్లీషువాళ్ల షెడ్డు నడిపించాడు. ఇది తలుచుకుంటే నాకు కొంచెం నవ్వొస్తుంది.

2001లో ఫిబ్రవరి 28న మన గనులు మూతపడ్డాయి. ఆ సంవత్సరమే తకుమా సాటో కార్లిన్ కారులో బ్రిటిష్ ఫార్ములా త్రీ టైటిల్ గెలిచాడు. 2010లో అదే జట్టు నుంచి అదే టైటిల్ ఎగరేసుకుపోయిన జాన్ ఎరిక్ వెర్న్, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున, కరెంటు కార్ల రేసు గెలిచాడు.