ఆరింటిలో రెండు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము చిన్నది. చెవులకు తగిలించుకొని వినెడి హెడ్‌ఫోనును గూర్చినది. వ్యాకరణమునో పురాణమునో చెప్పవలసిన బడిపంతులు ఈ ప్రసంగమునకు దిగుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని మన పెద్దలు పండితుని బహుశ్రుతుడనిరి. అనగా పెక్కు విన్నవాడు. వినుటకు సాధనమైన వస్తువును గూర్చి రెండు మాటలు చెప్పుట పండితునకు తగని పని కాదని నా తలంపు.

ఉద్యోగవిరమణానంతరము మేము పల్లెలోని యిల్లు విడిచి పట్టణమున కుమారుని యింట నుండవలసి వచ్చినది. అచ్చట మాకు దొరకునది ఒక గది, అందొక అలమార. సామాను సర్దునపుడు మా యిల్లాలు నా సొరుగు తెరచి, "ఏమండీ, ఉన్నవి రెండు చెవులు, వాటికి ఆరు హెడ్‌ఫోన్లా? ఒకటో రెండో ఉంచుకొని తక్కినవి ఎవరికైనా ఇచ్చేయండి" అనెను. మాట న్యాయమైనది. కాని ఏవి ఉంచవలెను?

ఈ వస్తువు పుట్టుక ఎరిగినచో ఎన్నిక కొంత సులభమగును. 1910 ప్రాంతమున అమెరికాలోని యూటాలో నెథానియెల్ బాల్డ్విన్ అను నాతడు తన వంటయింటిలో చేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళము కొనెను. తొలినాటి స్ఫటిక రేడియోకు బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఆంటెనా తీగ పట్టిన స్వల్పశక్తియే దానికి ఆధారము. ఆ ధ్వని గదిని నింపజాలదు, చెవినంటినగాని వినబడదు. కావున ఆనాడు హెడ్‌ఫోను విలాసము గాక అవసరమై యుండెను. 1958లో జాన్ కాస్ స్టీరియో సంగీతమునకు తగిన దానిని చేసెను. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ వారు వెనుక మూత లేని తేలిక రకమును తెచ్చిరి. 1979లో జపానువారి సోనీ వాక్‌మన్‌తో స్పాంజి బిళ్ళల హెడ్‌ఫోను లోకమంతట వ్యాపించెను.

ఇక నా ఆరింటి వివరము. మొదటిది పాతది, పెద్దది. 1985లో మా గురువుగారి భారతవ్యాఖ్యానమును క్యాసెట్టుపై పట్టి, దీనితోనే పలుమార్లు వింటిని. రెండవది పలుచని కమ్మికి స్పాంజి బిళ్ళలు గలది. మూడవది సెల్‌ఫోనుతో వచ్చిన, చెవిలో దూర్చుకొను తీగ. నాలుగవది మనుమడిచ్చిన తీగలేని గుండీల జత. ఐదవది మా అమ్మాయి విదేశమునుండి పంపిన, బయటి చప్పుడు నణచునది. ఆరవది చెవిని మూయు గట్టి గిన్నెలు గలిగి, తీగయు మెత్తలును మార్చుకొన వీలైనది.

బడిలో పిల్లలకు పెట్టినట్లే వీనికిని పరీక్ష పెట్టితిని. ప్రశ్నపత్రము అన్నిటికి నొకటే: గురువుగారి వ్యాఖ్యానములో ఒక ఘట్టము. ధ్వని కూడ అన్నిటికి సమముగా నుంచితిని; ఏలయన కొంచెము హెచ్చుగా పలుకునదే మేలైనదని చెవి భ్రమపడును. శకార సకారముల భేదము తెలియుచున్నదా, గంటసేపు పెట్టుకొన్నచో కళ్ళజోడు కాడ నొప్పించుచున్నదా, చెడినచో బాగుచేయింప వీలున్నదా అని చూచితిని. వయసు మీరిన చెవి మొదట కోల్పోవునది హెచ్చు స్థాయి ధ్వనులనే. అందుచేత సకారము స్పష్టముగా వినబడకున్నచో యంత్రమును నిందింపక మన చెవిని కూడ శంకింపవలెను.

చెవిలో దూర్చునది గులిమిని లోనికి నెట్టుచున్నదని వైద్యుడు వద్దనెను. గుండీలలో నొకటి రెండుమార్లు తులసికోటలో పడినది; పైగా వాని బ్యాటరీ కొన్నియేండ్లకు నీరసించిన పిదప మార్చుట కష్టము. నిక్కముగా చెప్పవలెనన్న, మార్కులలో ప్రథమురాలు మా అమ్మాయి పంపిన ఐదవదియే.

వంగదేశీయుని కుమారుడై అమెరికాలో జన్మించిన అమర్ బోసు 1978లో విమానపు హోరులో పాట వినలేక విసిగి, ఆ ప్రయాణమందే ఇట్టి హోరు నణచు హెడ్‌ఫోనునకు గణితము వేసుకొనెనట. బయటి ధ్వని నొక మైకు పట్టును. ఆ అల ఎత్తైనచోట యంత్రము పల్లమైన అలను పుట్టించి రెంటిని సమము చేయును. అద్భుతమైన యోచన!

గత వానకాలమున నేను దానిని తగిలించుకొని వసారాలో పద్యములు వినుచుంటిని. పెరటిలో మా యిల్లాలు నూతిగట్టుకడ జారిపడెను. మూడుమార్లు పిలిచెనట. నాకు వినబడలేదు. పొరుగింటి కుర్రవాడు గోడ దూకివచ్చి నా భుజము తట్టువరకు నేను పద్యమునకు తలయూపుచునే యుంటిని. మణికట్టు విరిగినది, ఆరువారములు కట్టు. ఆమె నన్నొక్క మాటయు ననలేదు. "మీకు వినబడలేదు కాబోలు" అని మాత్రమే యనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. దోషము యంత్రముది గాదు, అది తన పని చేసినది. తప్పు నాది. నా పరీక్షలో ప్రధానమైన ప్రశ్నను నేను వేయనేలేదు: ఇది పెట్టుకొన్నపుడు నావారి పిలుపు నాకు వినబడునా?

ఆ ప్రశ్నతో ఎన్నిక ముగిసినది. పగటివేళకు స్పాంజి బిళ్ళలది ఉంచుకొంటిని. దానిలో పద్యమును వినబడును, వంటయింటి గిన్నె చప్పుడును వినబడును. కాని దాని ధ్వని బయటికి పొక్కును. కనుక రైలులోను, రాత్రి మా యిల్లాలు ప్రక్కన నిద్రించునపుడును వాడుటకు ఆరవది ఉంచుకొంటిని. ఇంట నేను దానిని పెట్టుకొన్నను ఆమె నా చేయిదూరముననే యుండును.

మొదటిదానిని విడుచుట కష్టమైనది. మెత్తలు పొడియైనవి, ఎడమచెవి మూగపోయినది. అయినను గురువుగారి కంఠము అందే యున్నదని నా భ్రమ. ఆ వ్యాఖ్యానమును కుమారుడు ఫోనులోనికి ఎక్కించెను. స్పాంజి బిళ్ళలతో విన్నపుడు, పద్యపాదము నెత్తుకొనుటకు ముందు గురువుగారు ఊపిరి తీయుట తొలిసారిగా వినబడినది. కంఠము యంత్రమందు లేదని తెలిసి దానిని విడిచితిని. ఐదవదానిని, మా అమ్మాయి సమ్మతితో, బియ్యపుమిల్లు హోరుప్రక్కన పరీక్షలకు చదువుకొను ఆ పొరుగింటి కుర్రవానికిచ్చితిని. మిల్లుహోరుకు అది తగిన మందు.

చివర నొక హితవు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పెద్దలకు చెప్పిన కొలత వారమునకు 40 గంటలు, 80 డెసిబెళ్ళు. 90 డెసిబెళ్ళైనచో వారమునకు 4 గంటలే. ఎదుటివాడు చేయిదూరమున మామూలుగా మాటాడినది వినబడకున్న, ధ్వని తగ్గింపుడు. అయ్యలారా, మీరు ఒక్కటే ఉంచుకొనదలచినచో, ఇంటివారి పిలుపును మీ చెవిదాక రానిచ్చుదానిని ఉంచుకొనుడు.

సెలవు.