బావి తవ్విన తరువాత: సదఖా జారియా బాధ్యతలు

 



దివ్య ఖుర్ఆన్‌లోని ముల్క్ సూరా చివరి ఆయత్‌లో అల్లాహ్ మానవులను ఒక ప్రశ్న అడుగుతున్నాడు. మన నీరు భూమి లోతుల్లోకి దిగిపోతే పారే నీటిని తిరిగి తెచ్చి ఇచ్చేవారెవరు అన్నది ఆ ప్రశ్న సారాంశం. రాత్రి నిద్రకు ముందు ఈ సూరాను పఠించేవారు మనలో అనేకులున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికి ఈ ఆయత్‌పై సుదీర్ఘ వ్యాఖ్యానం అవసరం లేదు. మన బోర్లే దానికి వ్యాఖ్యానం.

మన నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలో ఫ్లోరైడ్ ఉన్నది. వానలు తగ్గి, చేదబావులు ఎండి, బోర్లు లోతుకు దిగినకొద్దీ, ఏండ్ల తరబడి రాతి పగుళ్ళలో నిలిచిన నీరు మన బిందెల్లోకి వచ్చింది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని నిర్ణయించిన ఆ పదార్థం మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు పరిసరాల పల్లెల్లో ఎన్నో రెట్లు అధికంగా కనిపించింది. పిల్లల పండ్లు గారపట్టాయి. పెద్దల వెన్నులు బిగుసుకుపోయాయి. ముసలితనం రాకముందే రుకూలో వంగలేక, సజ్దాలో నుదురు నేలకు ఆనించలేక, కుర్చీలో కూర్చుని నమాజు చేయవలసి వచ్చినవారిని మన సఫ్‌లలోనే చూశాము. ఆ నీరు ఎవరి మతాన్నీ, కులాన్నీ అడగలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ బాధను దేశానికి వినిపించడానికి జలసాధన సమితి పిలుపుపై నల్లగొండ ప్రజలు వందలాదిగా నామినేషన్లు వేశారు. 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం ఒక పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. హక్కును అడగడంలో మనవారు వెనుకబడలేదన్నది నిజం. అయితే నేటి ప్రసంగం హక్కు గురించి మాత్రమే కాదు. నీరు వచ్చిన తరువాత దానిని నిలుపుకోవడం గురించి.

మన జిల్లా పేరుతో ప్రపంచమంతా ఎరిగిన ఒక విధానం ఉన్నది. 1970లలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నల్లగొండ పద్ధతి'ని రూపొందించింది. నీటిలో తగు పాళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, బాగా కలియబెట్టి, మడ్డి అడుగుకు దిగిన తరువాత తేరిన నీటిని వడగట్టుకోవడమే అది. టాంజానియా, ఇథియోపియా దేశాల పల్లెల దాకా ఈ పద్ధతి వెళ్ళింది. మరి ఇక్కడ? కట్టిన కేంద్రాలు చాలా చోట్ల మూతపడ్డాయి. పద్ధతిలో అబద్ధం లేదు. కానీ ప్రతి దినం ఎవరో ఒకరు పటిక కొలిచి వేయాలి, ప్రతి నెలా పటిక కొనాలి, మడ్డిని ఎత్తి దూరంగా పారవేయాలి, ఆ పని చేసినవానికి జీతమివ్వాలి. కట్టడానికి నిధులు దొరికాయి. నడపడానికి ఎవరిస్తారన్నది తేలలేదు. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. ఆఫ్రికా పల్లెల్లో వేసిన చేతిపంపుల్లో సుమారు నాలుగింట ఒకటి ఏ సమయాన చూసినా పనిచేయని స్థితిలో ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

సోదరులారా! ఇక్కడ సదఖా జారియా అన్న మాటను నిదానంగా పరిశీలించాలి. తల్లి మరణించినప్పుడు హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఆమె తరఫున ఏ దానం ఉత్తమమని అడిగితే, దైవప్రవక్త (స) నీటిని సూచించారు. ఆయన బావి తవ్వించి దానిని తల్లి పేరిట అంకితం చేశారు. ఈ హదీసును ఆధారం చేసుకొని మనలో కలిగినవారు తల్లిదండ్రుల పేరిట బోర్లు వేయిస్తున్నారు, నీటిశుద్ధి యంత్రాలు పెట్టిస్తున్నారు. అల్లాహ్ స్వీకరించుగాక! కానీ జారియా అంటే ప్రవహించేది. మోటారు కాలిపోయి, స్టార్టరు తుప్పుపట్టి, పేరు చెక్కిన రాయి ఒక్కటే మిగిలిన చోట ప్రవహిస్తున్నది ఏమిటి? పేరు రాయికి ముందుకు వచ్చినన్ని చేతులు మోటారు వైండింగుకు రావడం లేదని చెప్పక తప్పదు. కొద్దిపాటిదైనా నిరంతరం సాగే ఆచరణే అల్లాహ్‌కు అధిక ప్రీతిపాత్రమని దైవప్రవక్త (స) తెలిపారు. నెలనెలా ఇచ్చే ముప్పై రూపాయలకు ఈ హదీసు ఎంత చక్కగా వర్తిస్తుందో ఆలోచించండి.

మన ఫిఖహ్ పండితులు ఈ సంగతిని ఏనాడో గుర్తించారు. హనఫీ ధర్మశాస్త్రంలో వక్ఫ్ ఆదాయం నుండి మొట్టమొదట ఖర్చు చేయవలసినది ఆ వక్ఫ్ మరమ్మతులకే. వక్ఫ్ చేసినవారు ఆ షరతు రాసినా, రాయకపోయినా అదే నియమం. లబ్ధిదారుల వంతు ఆ తరువాతనే. వస్తువు నిలిస్తేనే దాని మేలు నిలుస్తుందని వారు భావించారు. ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా మక్కా వాసులకూ హాజీలకూ తవ్వించిన కాలువ ఆమె పేరుతోనే శతాబ్దాలు నిలిచింది. అయితే ఆమె ఒక్కరి ధనంతోనే అది నిలవలేదు. తరువాతి పాలకులు మళ్ళీ మళ్ళీ పూడిక తీయించారు. 16వ శతాబ్దంలో ఉస్మానియా సుల్తాను సులైమాన్ కుమార్తె మిహ్రిమా దానిని బాగు చేయించింది. తవ్వించిన జుబైదాను అందరూ ఎరుగుదురు, బాగు చేయించిన మిహ్రిమాను ఎందరు ఎరుగుదురు? అల్లాహ్ వద్ద ఆ లెక్క వేరు.

ఇక మన నేటి పరిస్థితి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ ద్వారా నేడు కృష్ణా జలాలు మన పల్లెలకు వస్తున్నాయి. పాలమూరుకు ఎల్లూరు వద్ద శ్రీశైలం జలాశయం నుండి ఎత్తిపోస్తున్నారు. హడ్కో, నాబార్డు వంటి సంస్థల అప్పులతో వేలాది కోట్లు ఖర్చయ్యాయి. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఇది చిన్న అనుగ్రహం కాదు, కృతజ్ఞత చూపవలసిన విషయం. అయితే ఊరి ట్యాంకు దాకా నీరు తేవడం రాష్ట్రం పని, ట్యాంకు నుండి ఇంటి నల్లా దాకా చూసుకోవలసినది గ్రామపంచాయతీ. వాల్వు చెడినా, పైపు పగిలినా, ట్యాంకు కడగకపోయినా, క్లోరిన్ కలపకపోయినా ఆ ఇంటి వారు మళ్ళీ పాత బోరు వద్దకు పోతారు. ఆ బోరులో ఫ్లోరైడ్ అలాగే ఉన్నది. లేదా డబ్బాల నీరు కొంటారు. నల్లా బిల్లుకు నెలకు ముప్పై రూపాయలు బరువనే ఇల్లు డబ్బాల నీటికి అంతకు ఎన్నో రెట్లు చెల్లిస్తుండడం మనం చూస్తున్నదే.

పంచాయతీకి డబ్బు ఎక్కడిదని అడగవచ్చు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. ఆ సొమ్ము ఎంత వచ్చింది, దేనికి పోయింది అని గ్రామసభలో అడగండి. గ్రామసభ నాడు పొలం పని ఉందని తప్పుకోకండి. మన వంతు లెక్క కూడా చూడండి. 200 ఇళ్ళ ఊరిలో ఇంటికి నెలకు 30 రూపాయలు వేసుకుంటే నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలు. వాటర్‌మ్యాన్ జీతానికి తోడ్పాటు, వాల్వులు, బ్లీచింగ్ పౌడరు, అప్పుడప్పుడు మోటారు మరమ్మతు దీనిలో నడుస్తాయి. విధవరాలు, వలస పోయిన కూలీ ఇంటివారు, మంచాన పడినవారు ఇవ్వలేకపోతే వారి వంతు కలిగినవారు కట్టాలి. ఇవ్వలేనివారి నల్లా మూయడం ధర్మం కాదు. నీరు, పచ్చిక, నిప్పులలో జనులందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) బోధించారు.

ఈ ఖర్చుకు జకాత్ ఇవ్వవచ్చునా అని కొందరు అడుగుతున్నారు. హనఫీ పండితుల అభిప్రాయం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని స్వాధీనంలోకి పోవాలి. బోరుకు, ట్యాంకుకు, మోటారుకు అది చెల్లదు. పేద కుటుంబానికి జకాత్ ఇస్తే వారు తమ నల్లా బాకీ కట్టుకోవచ్చు. మసీదు మల్గీల అద్దెను కూడా వాకిఫ్ షరతుకు భిన్నంగా మళ్ళించరాదు. ఊరి నీటికి సాధారణ సదఖాతో వేరుగా ఒక నిధి పెట్టుకోవాలి, దాని జమాఖర్చులు ప్రతి నెలా గోడకు అతికించాలి. అది అమానత్. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని సొంత ధనంతో కొని ప్రజలకు అప్పగించినప్పుడు, దాతగా ప్రత్యేక హక్కేదీ ఉంచుకోలేదు. ఆయన చేద కూడా అందరి చేదల్లో ఒకటే. బోరు మాదని తాళం వేసుకునేవారు ఈ సంఘటనను మరల మరల చదువుకోవాలి. దాహానికి వచ్చిన పొరుగువాడు ఏ ధర్మం వాడైనా బిందె నింపుకునే పోవాలి.

మరుగుదొడ్ల సంగతి మాట్లాడడానికి మనకు సంకోచం. కానీ పరిశుద్ధతను ప్రేమించినవారిని ఖుర్ఆన్ ప్రశంసించింది. నీటి రేవుల వద్ద, బాటలపై, నీడనిచ్చే చోట్ల మలవిసర్జన చేయడాన్ని దైవప్రవక్త (స) శాపకారణంగా హెచ్చరించారు. 2014లో ప్రారంభమైన స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల ప్రోత్సాహంతో కట్టుకున్న దొడ్లలో కొన్ని నేడు పిడకల గదులయ్యాయి. రెండు గుంతల దొడ్డి అయితే ఒకటి నిండినప్పుడు రెండవదానికి మార్చి, మొదటిదానిని ఏడాది రెండేండ్లు మూసి ఉంచితే అందులోనిది ఎరువుగా మారుతుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం లేకున్నా, మనం దిగలేని చోటికి మరొక తల్లి బిడ్డను దింపడం ఏ ధర్మం? ఊరి సఫాయి కార్మికుల కూలి చెమట ఆరకముందే ఇవ్వాలన్న ఆదేశం వారి నెలజీతం బకాయిలకు కూడా వర్తిస్తుంది.

చివరగా మన మసీదు విషయం. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ కొలతతో, అంటే ఇంచుమించు లీటరు లోపు నీటితో ఉజూ చేసేవారు. మన నల్లాల కింద ఒక్కొక్కరి ఉజూకు ఎంత పోతున్నదో వచ్చే శుక్రవారం ఒక బకెట్టు పెట్టి కొలుద్దాము. ఆ నీరు రోడ్డుపైకి పోకుండా మసీదు వెనుక ఇంకుడు గుంత తవ్వడానికి ఆదివారం ఫజ్ర్ నమాజు తరువాత పారలతో రాగలిగిన యువకులు ఈ రోజే ముతవల్లీ గారికి పేర్లు ఇవ్వండి.

అల్లాహ్ మన రోగులకు స్వస్థత ప్రసాదించుగాక! ఎముకలు వంగిపోయి లోకం విడిచినవారిని క్షమించి, వారి దాహాన్ని కౌసర్ నీటితో తీర్చుగాక! ఆమీన్.